గ్రూపు పేరు షీట్ ట్యాబ్ మీద కాదు, కాలమ్‌లో ఉండాలి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్లకి వినిపిస్తోందా? ఆ, సరే.

స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్ నుంచి గ్రూపుల వారీ డేటాని ఎక్సెల్ ఫైల్‌గా పంపడం, ఇదీ ఇవాళ్టి టాపిక్. ఇందులో చెప్పడానికేముంది, ఒక్క కమాండే కదా అనుకుంటారు. నిజమే, ఒక్క కమాండే. ఆర్ అయినా స్టాటా అయినా సాస్ అయినా పైథాన్‌లో పాండాస్ అయినా ఒకట్రెండు లైన్లు రాస్తే ఫైల్ బయటికొచ్చేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఆ ఎర్రర్ రాకపోవడంతోనే అసలు గొడవ అంతా. ఎర్రర్ వస్తే కూర్చుని సరిచేస్తాం, రాకపోతే ఫైల్ మెయిల్‌లో వెళ్లిపోద్ది, అవతలాయన దాని మీద ఇంకో లెక్క వేస్తాడు, ఆ లెక్క ఒక రిపోర్టులోకి ఎక్కుతుంది, తర్వాత ఎప్పుడో ఎవరో రెండు టోటల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే అవి కలవవు.

ముందు ఒక మాట క్లియర్‌గా అనుకుందాం. గ్రూపుల డేటా అని మనం అనేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ఉన్న రికార్డులన్నిటినీ అలాగే ఉంచి ఏ గ్రూపువి ఆ గ్రూపుకి విడగొట్టి పంపడం. సర్వేలో పదివేల మంది ఉంటే పదివేల వరసలూ వెళ్లాలి. రెండోది, గ్రూపుకి ఒక సగటో శాతమో తీసి ఆ చిన్న టేబుల్ మాత్రమే పంపడం. మొదటిదాంట్లో భయమల్లా ఏ వరసైనా దారిలో జారిపోతుందేమోనని. రెండోదాంట్లో వరసలు ఎలాగూ లేవు, కాబట్టి మిగిలిన ఆ నాలుగు అంకెలూ మన సాయం లేకుండా అర్థమవ్వాలి, వాటి వెనక ఎంతమంది ఉన్నారో అవే చెప్పాలి.

నా మాట ఒకటే, రెండు రకాలకీ సరిపోతుంది: ప్రతి వరసా తను ఏ గ్రూపుదో తనే చెప్పాలి. షీట్ ట్యాబ్ మీద రాశాంగా, ఫైల్ పేరులో ఉందిగా, పైన టైటిల్‌లో పెట్టాంగా అంటే కుదరదు. సామాను మీద పేరు రాయకుండా అది పెట్టిన అర మీద రాసినట్టు ఉంటుంది అది, అరలోంచి తీసిన మరుక్షణం ఎవరిదో తెలీదు. ఎక్సెల్ చేతికొచ్చినవాళ్లు ముందు చేసే పని ఏంటి? కాపీ, పేస్ట్. నాలుగు షీట్లలోంచి నాలుగు ముక్కలు తీసి ఒకచోట పెడతారు, అక్కడితో గ్రూపు పేరు పోయింది.

కానీ అడిగేవాళ్లు అలా అడగరు, అదీ నిజమే. "గ్రూపుకో షీట్ చేసి పంపండి" అనే అడుగుతారు. చెయ్యండి, చెయ్యొద్దనట్లేదు, చూడ్డానికి బాగుంటుంది కూడా. కాకపోతే షీట్ విడగొట్టినా గ్రూపు కాలమ్ మాత్రం తీసెయ్యొద్దు, ఆ షీట్ అంతా ఒకే పేరు రిపీట్ అయినా పర్లేదు. దానికి తోడు మొదటి షీట్‌గా అన్ని గ్రూపులూ కలిపి ఒకే పొడుగు టేబుల్ పెట్టండి, లెక్కలు వేసుకునేవాళ్లు అది తీసుకుంటారు, చూసుకునేవాళ్లు మిగతా ట్యాబ్‌లు చూసుకుంటారు.

ఈ సందర్భంలోనే మెర్జ్ చేసిన సెల్స్ సంగతి చెప్పాలి, నాకైతే అవంటే అస్సలు పడదు. గ్రూపు పేరు ఒకసారి రాసి కింద పన్నెండు వరసల దాకా సాగదీసి మధ్యలో పెడతారు చూడండి, అది. ప్రింట్‌కి అందంగానే ఉంటది. ఆ పన్నెండు సెల్స్‌లో నిజంగా విలువ ఉండేది మాత్రం పై దాంట్లోనే, మిగతా పదకొండూ ఖాళీ. సార్ట్ చేద్దామంటే ఎక్సెల్ ఒప్పుకోదు, ఫిల్టర్ పెడితే ఆ గ్రూపులో మొదటి వరస ఒక్కటే కనపడుతుంది, గ్రూపుల వారీగా లెక్క తీసిపెట్టే పివట్ టేబుల్‌కి ఇస్తే ఖాళీ అని ఇంకో గ్రూపు పుడుతుంది. ఇది ఎవరో చేత్తో చేస్తేనే వస్తుందనుకోకండి, పాండాస్‌లో రెండు కాలమ్‌ల మీద గ్రూప్‌బై చేసి అలాగే టు ఎక్సెల్ కొడితే డిఫాల్ట్‌గా అదే మెర్జ్ చేసి పెడుతుంది. ఎక్స్‌పోర్ట్‌కి ముందు రీసెట్ ఇండెక్స్ అని ఒక్క ముక్క రాస్తే చాలు, పేర్లు ప్రతి వరసలోకీ వచ్చేస్తాయి.

సరే, ఇప్పుడు ఒక చిన్న టేబుల్ దగ్గరగా చూద్దాం. వయసు గ్రూపులు. సున్నా నుంచి మొదలుపెట్టి 0-4, 5-9, 10-14, 15-19, 20-24, ఇలా ఐదేళ్లకొకటి, ప్రపంచమంతా వాడే పద్ధతే ఇది. దీన్ని సీఎస్‌వీగా, అంటే విలువల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేశారు, అవతలాయన డబల్ క్లిక్ చేశాడు, ఎక్సెల్‌లో తెరుచుకుంది. ఏమైంది? 0-4 బాగానే ఉంది, సున్నా నెల అనేది లేదు కాబట్టి. 5-9 మాత్రం తేదీ అయిపోయింది, కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి సెప్టెంబర్ 5 అన్నా అవుద్ది, మే 9 అన్నా అవుద్ది. 10-14 కూడా అక్టోబర్ అయి కూర్చుంది. 15-19 నుంచి కిందవి అన్నీ మళ్లీ మామూలే, పదిహేనో నెల, పంతొమ్మిదో నెల ఎక్కడా ఉండవు కాబట్టి. పెద్ద టేబుల్‌లో మధ్యలో రెండే రెండు లేబుల్స్ మారాయి, ఎవరి కంటికీ ఆనదు. పైగా అది కేవలం కనిపించే తీరు మారడం కాదు, సెల్ లోపల ఉన్న విలువే మారిపోయింది. ఎక్సెల్ తేదీల్ని రోజుల నంబర్‌గా దాచుకుంటుంది కదా, 2025 జనవరి 1 అంటే దాని లెక్కలో 45658. ఇప్పుడు ఆ ఫైల్ సేవ్ చేసి మళ్లీ ఆర్‌లోకి చదివితే మీ 5-9 గ్రూపు బదులు నలభై ఐదు వేలు దాటిన నంబరో, ఏదో తేదీయో కనపడుతుంది. సరే టెక్స్ట్ ఫార్మాట్‌కి మారుద్దాం అనుకుంటే ఆ నంబరే మిగుల్తుంది, 5-9 అని తిరిగి రాదు.

జన్యువుల మీద పనిచేసేవాళ్లకి ఈ బాధ ఎప్పట్నుంచో ఉంది. సెప్ట్ 2, మార్చ్ 1 అని జీన్ల పేర్లుండేవి, ఎక్సెల్ వాటిని సెప్టెంబర్ 2, మార్చి 1 చేసేసేది. 2016లో వచ్చిన ఒక స్టడీలో, ఎక్సెల్‌లో జీన్ లిస్టులు జతచేసిన పేపర్లు చూస్తే దాదాపు ఐదింట ఒకదాంట్లో ఈ తప్పులు దొరికాయి. చివరికి 2020లో జీన్ల పేర్లు పెట్టే కమిటీ వాళ్లే లొంగిపోయి ఆ పేర్లని సెప్టిన్ 2, మార్చ్‌ఎఫ్ 1 అని మార్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ 2023లో ఈ ఆటోమేటిక్ మార్పిడి ఆపుకునే ఆప్షన్ ఇచ్చింది, కానీ అది ఫైల్ తెరిచేవాళ్ల కంప్యూటర్‌లో సెట్ చేసుకోవాల్సింది, పంపే మన చేతిలో లేదు.

మన చేతిలో ఉన్నది ఏంటంటే, సీఎస్‌వీ బదులు నేరుగా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, అంటే ఎక్సెల్ సొంత ఫైల్ రాయడం. ఇది టెక్స్ట్, ఇది నంబర్ అని ప్రతి సెల్‌కీ ఆ ఫైల్‌లోనే రాసి ఉంటుంది, కాబట్టి తెరిచినప్పుడు ఎక్సెల్ ఊహించుకోదు, 5-9 అనేది 5-9 లాగే ఉంటుంది. ఎవరైనా ఆ సెల్‌లోకి వెళ్లి ఎంటర్ కొడితే మాత్రం మళ్లీ మారుద్ది, అందుకే నేను లేబుల్‌నే "5 నుంచి 9" అని రాసేస్తా, గొడవే లేదు.

ఇక మాయమైపోయే గ్రూపులు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద నష్టం నా ఉద్దేశంలో ఇక్కడే జరుగుతోంది. గ్రూపు కాలమ్‌లో కొందరికి విలువ లేదనుకోండి, అంటే వాళ్లు ఏ గ్రూపో రికార్డులో ఎక్కలేదు. వాళ్ల వరసలు ఎటెళ్తాయి? సాఫ్ట్‌వేర్‌కో తీరు, ఒకే సాఫ్ట్‌వేర్‌లో కమాండ్‌కో తీరు.

ఆర్‌లో స్ప్లిట్ ఫంక్షన్‌తో విడగొడితే ఎన్‌ఏ, అంటే విలువ లేదనే గుర్తు ఉన్న వరసలు కిక్కురుమనకుండా పోతాయి, వార్నింగ్ కూడా ఉండదు. టేబుల్ ఫంక్షన్ కూడా డిఫాల్ట్‌గా వాటిని లెక్కపెట్టదు. అదే ఆర్‌లోనే డీప్లయర్ ప్యాకేజీలో గ్రూప్ బై చేసి సమరైజ్ చేస్తే ఎన్‌ఏ అనేది కూడా ఒక గ్రూపుగా ఉంటుంది. ఇప్పుడు ఒకే స్క్రిప్టులో సమ్మరీ టేబుల్ గ్రూప్ బైతో తీసి, షీట్లు స్ప్లిట్‌తో రాశారనుకోండి, ఒకే ఫైల్‌లో రెండు టోటల్స్ వస్తాయి. పాండాస్‌లో గ్రూప్‌బై డిఫాల్ట్‌గా ఖాళీలని వదిలేస్తుంది, డ్రాప్‌ఎన్‌ఏ ఈక్వల్స్ ఫాల్స్ అని మనం చెప్తేనే ఉంచుతుంది. స్టాటాలో కొలాప్స్ చేస్తే మిస్సింగ్ గ్రూపు ఉంటుంది, కానీ షీట్లు రాయడానికి లెవెల్స్‌ఆఫ్‌తో లిస్ట్ తీసి లూప్ తిప్పితే అందులో మిస్సింగ్ రాదు, కామా పెట్టి మిస్సింగ్ అని ఆప్షన్ ఇవ్వాలి. సాస్‌లో బై స్టేట్‌మెంట్ వాడితే మిస్సింగ్ కూడా ఒక గ్రూపు, అదే సగటులు తీసే ప్రాక్ మీన్స్‌లో క్లాస్ స్టేట్‌మెంట్ వాడితే ఆ వరసలు బయటికి, మళ్లీ మిస్సింగ్ ఆప్షన్ ఇవ్వాలి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేం, నాక్కూడా అన్నీ నోటికి రావు, అందుకే నేను చేసే పని ఏంటంటే విడగొట్టడానికి ముందే ఆ ఖాళీలన్నిటికీ "తెలియదు" అని ఒక మామూలు పేరు పెట్టేస్తా. అప్పుడది కూడా అందరిలాంటి గ్రూపే, ఏ కమాండ్ వాడినా జారిపోదు. ఆ గ్రూపు వద్దనుకుంటే అవతలివాళ్లు తీసేసుకుంటారు, తీసేశామని వాళ్లకి తెలుస్తుంది కూడా.

దీనికి సరిగ్గా రివర్స్ ఇంకోటి ఉంది. సాస్‌లో ప్రాక్ మీన్స్‌కి క్లాస్ ఇచ్చి అవుట్‌పుట్ డేటాసెట్ తీస్తే అందులో గ్రూపుల వరసలతో పాటు మొత్తం అందరిదీ కలిపి ఒక వరస వస్తుంది, రెండు క్లాస్ వేరియబుల్స్ ఉంటే విడివిడిగా ఒక్కోదానివీ వస్తాయి. అండర్‌స్కోర్ టైప్ అనే కాలమ్‌లో ఏ వరస ఏ స్థాయిదో నంబర్ ఉంటుంది, మొత్తం వరసకి సున్నా. ఆ కాలమ్ ఎందుకులే అని తీసేసి ఎక్సెల్‌కి పంపితే, అవతలాయన కింద సమ్ కొడతాడు, టోటల్ రెట్టింపు. రెండు వేరియబుల్స్ ఇచ్చి ఉంటే నాలుగింతలు. అన్ని క్లాస్‌లూ కలిసిన వరసలు మాత్రమే కావాలంటే ఎన్‌వే అనే ఆప్షన్ ఉంది, పెట్టండి. టోటల్ కావాలంటే అది వేరే షీట్‌లో ఉండనివ్వండి, డేటా మధ్యలో వద్దు.

ఇప్పుడు రెండో రకం, అంటే సగటులు పంపడం. ఇక్కడ ఒక్క రూల్ చెప్తా, సగటు పంపితే పక్కనే ఎన్ పంపండి, ఆ సగటు ఎంతమంది మీద వచ్చిందో. అది లేకపోతే అవతలివాళ్లు ఏం చేస్తారంటే, గ్రూపుల సగటులన్నీ కలిపి మళ్లీ సగటు తీస్తారు, తప్పకుండా తీస్తారు, ఎక్సెల్‌లో కాలమ్ సెలెక్ట్ చేస్తే కింద అదే ఆవరేజ్ చూపిస్తుంది మరి. ముగ్గురున్న గ్రూపూ మూడొందల మంది ఉన్న గ్రూపూ సమానం అయిపోతాయి.

దీనికి చాలా పేరున్న ఉదాహరణ ఉంది. రైన్‌హార్ట్, రోగోఫ్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక పేపర్ రాశారు, దేశాల అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని. అప్పుని బట్టి గ్రూపులు చేసి ఒక్కో గ్రూపుకి సగటు వృద్ధి తీశారు, అచ్చం మనం మాట్లాడుకునే పనే. 90 దాటిన గ్రూపుకి మైనస్ 0.1 శాతం వచ్చింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్, తన ప్రొఫెసర్లు ఇద్దరితో కలిసి ఆ స్ప్రెడ్‌షీట్ తెచ్చుకుని చూస్తే, సగటు ఫార్ములా 49వ వరస దాకా వెళ్లాల్సింది 44 దగ్గర ఆగిపోయింది, ఐదు దేశాలు బయటే ఉండిపోయాయి. అందరికీ గుర్తుండేది ఈ ఎక్సెల్ తప్పే. నిజానికి అంకె మారడానికి దాని వాటా చిన్నది, పెద్ద వాటా కొన్ని సంవత్సరాల డేటా కలపకపోవడానిది, ఇంకా వెయిట్‌లది. దేశానికో సగటు తీసి ఆ సగటులకి సగటు తీశారు, అందువల్ల న్యూజిలాండ్‌లో 1951 అనే ఒకే ఒక్క సంవత్సరం, మైనస్ 7.6 శాతం, బ్రిటన్‌లో 19 ఏళ్ల సగటుతో సమానంగా తూగింది. అన్నీ సరిచేస్తే వచ్చింది 2.2 శాతం, అదీ ప్లస్. దేశానికి ఒకే వెయిట్ ఇవ్వడం తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు, వాదించుకున్నారు కూడా, కానీ పక్కన ఎన్ కాలమ్ ఉంటే ఆ వాదన మొదటి రోజే జరిగేది, మూడేళ్ల తర్వాత కాదు.

సరే, షీట్లు విడగొట్టడం ఎలాగో కొంచెం స్పీడ్‌గా చెప్పేస్తా. ఆర్‌లో స్ప్లిట్ చేస్తే పేర్లున్న లిస్ట్ వస్తుంది, దాన్ని అలాగే రైట్ఎక్స్‌ఎల్ ప్యాకేజీకిగానీ ఓపెన్ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కిగానీ ఇస్తే లిస్ట్‌లో ఒక్కో పేరూ ఒక్కో షీట్ అవుద్ది. డీప్లయర్‌లో గ్రూప్ స్ప్లిట్ వాడితే మాత్రం లిస్ట్‌కి పేర్లుండవు, షీట్ 1, షీట్ 2 అనే వస్తాయి, పేర్లు మనమే పెట్టుకోవాలి. సాస్‌లో ముందు సార్ట్ చేసి, ఓడీఎస్ ఎక్సెల్‌లో షీట్ ఇంటర్వెల్ బైగ్రూప్ అని పెట్టండి. స్టాటాలో, పాండాస్‌లో లూప్.

లూప్‌లో ఒక ట్రాప్ ఉంది, దాదాపు అందరూ పడతారు. స్టాటాలో ఎక్స్‌పోర్ట్ ఎక్సెల్‌కి రీప్లేస్ అని ఇస్తే అది షీట్‌ని కాదు మొత్తం ఫైల్‌నే కొత్తగా రాస్తుంది, కాబట్టి లూప్ అంతా తిరిగాక ఫైల్‌లో చివరి గ్రూపు ఒక్కటే మిగులుతుంది. షీట్ వరకే మార్చమని చెప్పాలి, షీట్‌రీప్లేస్ అని. పాండాస్‌లో కూడా ఫైల్ పేరు నేరుగా ఇచ్చి టు ఎక్సెల్‌ని లూప్‌లో తిప్పితే సేమ్ టు సేమ్, ఎక్సెల్‌రైటర్ ఒకసారి తెరిచి దానికి రాస్తూ పోవాలి.

షీట్ పేర్లకి కొన్ని రూల్సున్నాయి. 31 అక్షరాలు దాటకూడదు, స్లాష్, బ్యాక్‌స్లాష్, ప్రశ్నార్థకం, స్టార్, కోలన్, చదరపు బ్రాకెట్లు ఉండకూడదు. అంటే 2023/24 అని సంవత్సరం పేరు పెట్టలేరు. కొన్ని ప్యాకేజీలు పొడుగు పేరుని కత్తిరించేస్తాయి, కొన్ని ఎర్రర్ ఇచ్చి ఆగుతాయి, నాకైతే ఆగేవే నచ్చుతాయి, ఎందుకంటే కత్తిరించాక రెండు గ్రూపులకి మొదటి 31 అక్షరాలూ ఒకటే అయితే ఆ తర్వాత ఏమవుద్దో ఆలోచించండి. గ్రూపు అసలు పేరు కాలమ్‌లో ఎలాగూ ఉంది, కాబట్టి షీట్‌కి జీ01, జీ02 అని పెట్టేసినా నష్టం లేదు.

సైజు సంగతి. ఇప్పటి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో ఒక షీట్‌కి 10,48,576 వరసలు, 16,384 కాలమ్‌లు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లో 65,536 వరసలే, 256 కాలమ్‌లే. పాతది ఇంకా ఎవరు వాడతారు అనకండి. 2020లో ఇంగ్లాండ్‌లో కోవిడ్ టెస్టుల రిజల్ట్స్ ల్యాబ్‌ల నుంచి సీఎస్‌వీగా వస్తే, పబ్లిక్ హెల్త్ ఇంగ్లాండ్ వాళ్లు వాటిని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ టెంప్లేట్‌లలోకి ఎక్కించేవారు, ఒక్కో టెస్టుకి చాలా వరసలు పట్టేవి, షీట్ నిండిపోయాక మిగతావి లోపలికి రాలేదు. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు, వాళ్ల కాంటాక్ట్‌లని వెతకడం కూడా ఆ మేరకు లేటయింది. అన్ని గ్రూపులూ ఒకే పొడుగు షీట్‌లో పెట్టమన్నా కదా ఇందాక, పది లక్షలు దాటేలా ఉంటే అది ఎక్సెల్ పనే కాదు, సీఎస్‌వీగానో, పెద్ద డేటా కోసం వాడే పార్కే ఫైల్‌గానో ఇచ్చి ఎక్సెల్‌లో సమ్మరీ మాత్రం పెట్టండి.

కోడ్‌లా లేబుల్సా అనేది కూడా చూసుకోండి. స్టాటా ఎక్స్‌పోర్ట్ ఎక్సెల్ డిఫాల్ట్‌గా లేబుల్స్ రాస్తుంది, ఎస్‌పీఎస్ఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సేవ్ ట్రాన్స్‌లేట్ డిఫాల్ట్‌గా కోడ్‌లు రాస్తుంది. లేబుల్ లేకుండా 1, 2, 9 అని వెళ్తే 9 అంటే జవాబివ్వలేదు అని అవతలివాళ్లకి ఎలా తెలుస్తుంది, దాన్ని కూడా కలిపి సగటు తీసేస్తారు. రెండు కాలమ్‌లూ పెట్టండి, కోడ్ ఒకటి లేబుల్ ఒకటి, చోటేం తక్కువ కాదు.

ఇంకోటి, ఇది టెక్నికల్ కన్నా బాధ్యతకి సంబంధించింది. గ్రూపుల టేబుల్ పంపుతున్నాం కదా మనుషుల పేర్లు లేవులే అని ధీమా వద్దు. 2023 ఆగస్టులో నార్తర్న్ ఐర్లాండ్ పోలీసు శాఖ, ఏ ర్యాంకులో ఎంతమంది ఉన్నారని ఎవరో సమాచార హక్కు కింద అడిగితే స్ప్రెడ్‌షీట్ ఒకటి ఇచ్చారు. అడిగింది గ్రూపుల లెక్క. ఆ ఫైల్‌లో వెనక దాగి ఉన్న ఒక షీట్‌లో అసలు రికార్డులున్నాయి, 9,483 మంది ఆఫీసర్లు, సిబ్బంది ఇంటిపేర్లు, ఇనిషియల్స్, ఎక్కడ పనిచేస్తారో అన్నీ. అక్కడి పరిస్థితుల్లో పోలీసుల పేర్లు బయటికి రావడమంటే ప్రాణాల మీదికొచ్చే విషయం. తర్వాత ఆ శాఖకి ఏడున్నర లక్షల పౌండ్ల ఫైన్ పడింది. హైడ్ చేసిన షీట్ అంటే రైట్ క్లిక్ కొడితే తిరిగొచ్చే షీట్, అంతే. పివట్ టేబుల్ కూడా ఇంతే, దాని వెనక క్యాష్‌లో, అంటే ఎక్సెల్ లోపల దాచుకునే కాపీలో, మూలం డేటా మొత్తం ఉండొచ్చు, మీరు డేటా షీట్ డిలీట్ చేసినా సరే, టోటల్ మీద డబల్ క్లిక్ చేస్తే వరసలు బయటికొస్తాయి. అందుకే బయటికి పంపే ఫైల్‌ని ఉన్న వర్క్‌బుక్‌లోంచి తయారుచేయొద్దు, సాఫ్ట్‌వేర్ నుంచి కొత్త ఖాళీ ఫైల్‌లోకి ఆ సమ్మరీ మాత్రమే రాయండి. స్క్రిప్టుతో ఎక్స్‌పోర్ట్ చేయడం నాకు ఇష్టం అనడానికి పెద్ద కారణం ఇదే, మనం రాయమన్నది తప్ప ఇంకేం ఆ ఫైల్‌లో ఉండదు.

మనుషుల్ని గుర్తుపట్టేస్తారని ఇద్దరో ముగ్గురో ఉన్న గ్రూపుల అంకెలు దాచడం మీకు తెలిసే ఉంటుంది, కానీ ఒకటే సెల్ దాచి టోటల్ మాత్రం ఉంచేస్తే తీసివేత చేస్తే దొరికేస్తుంది, రెండోది కూడా దాచాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మేడం, మేం సీఎస్‌వీ పంపితే తెలుగు పేర్లన్నీ పిచ్చి అక్షరాలుగా వస్తున్నాయి అంటున్నారు. మా దగ్గర బాగానే ఉంటున్నాయి.)

మీ ఫైల్ బాగానే ఉందండి, యూటీఎఫ్-8లోనే, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్‌లోనే ఉండి ఉంటుంది, కాకపోతే ఎక్సెల్‌కి ఆ సంగతి తెలీదు, డబల్ క్లిక్ చేసినప్పుడు పాత ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. ఫైల్ మొదట్లో బామ్ అని మూడు బైట్ల గుర్తు పెడితే అర్థం చేసుకుంటుంది. ఆర్‌లో రీడార్ ప్యాకేజీలో రైట్ ఎక్సెల్ సీఎస్‌వీ అని ప్రత్యేకంగా ఉంది, పాండాస్‌లో ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అయితే ఈ సమస్యే లేదు.

(ఇంకొకరు: ఐడీ నంబర్లు 16 అంకెలవి, చివరి అంకె సున్నా అయిపోతోంది.)

అవునండి, ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా ఉంచుతుంది, ఆపైవి సున్నాలు చేస్తుంది. ఐడీ అనేది కూడికలు తీసివేతలు చేసే నంబర్ కాదు కదా, అది పేరు లాంటిది, సాఫ్ట్‌వేర్‌లోకి చదివేటప్పుడే టెక్స్ట్‌గా చదవండి, టెక్స్ట్‌గానే రాయండి. ముందు సున్నాలుండే కోడ్‌లకి కూడా ఇదే మందు. ఆల్రెడీ సున్నా అయిపోయిన ఫైల్ నుంచి మాత్రం ఆ అంకె తిరిగి రాదు, అసలు సోర్స్ నుంచి మళ్లీ తీసుకోవాల్సిందే.

(మరొకరు: ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో పంపేముందు ఎలా చెక్ చేసుకోవాలి మేడం? షీట్లు నలభై ఉంటాయి, అన్నీ తెరిచి చూడలేం.)

తెరవద్దండి, కంటితో చూస్తే దొరకవు ఇవి. స్క్రిప్టు చివర్లోనే, రాసిన ఫైల్‌ని మళ్లీ లోపలికి చదవండి, మొదటి పొడుగు షీట్ వదిలేసి గ్రూపుల షీట్లన్నీ ఒకదాని కింద ఒకటి అతికించండి, మూడు విషయాలు పోల్చండి: వరసల మొత్తం, గ్రూపుల పేర్ల లిస్టు, ముఖ్యమైన ఒక నంబర్ కాలమ్ టోటల్. విడగొట్టకముందు ఉన్న డేటాతో మూడూ కలవాలి. కలవకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా రాయండి. పది లైన్లు కూడా పట్టదు. ఆర్‌లో అయితే స్టాప్‌ఇఫ్‌నాట్, స్టాటాలో అసర్ట్. నలభై షీట్లని మళ్లీ అతికించగలిగేది కూడా ప్రతి షీట్‌లో గ్రూపు కాలమ్ ఉందనే, లేకపోతే ఆ చెక్ రాయడానికే షీట్ పేర్లతో కుస్తీ పట్టాలి. ఇంకెవరైనా?